నడుస్తున్న పాత లారీలో కరెంటంతా ఒక్కసారిగా పోయి, దానంతటదే వస్తుంటే లోపం ఎక్కడ వెతకాలి?

మీరు అడిగినది ఇది: 2002 మోడల్ టాటా 1613 లారీ, 24 వోల్టుల వైరింగు. రాత్రి ప్రయాణంలో హెడ్‌లైట్లు, హారన్, మీటర్లు, ఇండికేటర్లు అన్నీ ఒకేసారి ఆగిపోతున్నాయి, ఇంజను మాత్రం ఆగడం లేదు. కొద్దిసేపటికో, చక్రం గుంతలో పడినప్పుడో మళ్లీ అన్నీ వెలుగుతున్నాయి. కొన్ని ఉదయాలు కీ తిప్పితే సెల్ఫ్ నుంచి టక్కుమన్న శబ్దం కూడా రావడం లేదు. రెండు బ్యాటరీలూ మార్చారు, ఆల్టర్నేటర్ మార్చారు, అయినా తగ్గలేదు. ఇక ఏం మార్చాలి అని మీ ప్రశ్న.

ఇక ఏమీ మార్చవద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి లోపం బ్యాటరీలలో గాని ఆల్టర్నేటర్‌లో గాని ఉండే అవకాశం చాలా తక్కువ. సెల్ఫ్ మోటారు మీది పెద్ద బోల్టు నుంచి క్యాబిన్‌లోని ఫ్యూజు బాక్సు దాకా వచ్చే లావు తీగ దారిలోనో, క్యాబిన్‌నూ ఛాసిస్‌నూ కలిపే ఎర్తు పట్టీలోనో (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి అది) ఒక అతుకు వదులై ఉండాలి. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి రెండు చిన్న బల్బులు, కొంత తీగ చాలు. ఆ పద్ధతి కింద రాస్తున్నాను. నేను విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా లారీల ఎలక్ట్రికల్ పనే చేస్తున్నాను. ఈ ఫిర్యాదుతో వచ్చే బండ్లలో ఎక్కువ భాగం అప్పటికే కొత్త బ్యాటరీలు బిగించుకుని వస్తాయి, యజమాని వేలకు వేలు ఖర్చు పెట్టిన తరువాత అసలు లోపం ఒక లగ్గు (తీగ కొనకు బిగించి బోల్టుకు తగిలించే లోహపు ముక్క) దగ్గర బయటపడుతుంది. అందుకే ఈ సమాధానం కొంచెం విపులంగా రాస్తున్నాను.

ముందుగా, అంత గట్టిగా ఎలా చెప్పగలుగుతున్నానో వివరిస్తాను. ఇంజను తిరుగుతున్నంతసేపు మీ బండికి కరెంటు ఇచ్చేవి రెండు: బ్యాటరీ ఒకటి, ఆల్టర్నేటర్ ఒకటి. చాలా లారీలలో ఈ రెండూ సెల్ఫ్ మోటారు మీది పెద్ద బోల్టు దగ్గర కలుస్తాయి, క్యాబిన్‌కు వెళ్లే తీగ కూడా అక్కడి నుంచే బయలుదేరుతుంది. బ్యాటరీ కేబుల్ ఊడిపోయినా ఆల్టర్నేటర్ లైట్లను వెలిగిస్తూనే ఉంటుంది, కాకపోతే వెలుగు స్థిరంగా ఉండక ఒక్కోసారి మరీ ఎక్కువై బల్బులు మాడిపోతాయి. ఆల్టర్నేటర్ పనిచేయకపోయినా బ్యాటరీ కొన్ని గంటలపాటు లైట్లను నెట్టుకొస్తుంది, అప్పుడు వెలుగు మెల్లమెల్లగా ఎర్రబారుతుందే తప్ప ఒక్క క్షణంలో ఆరిపోదు. ఇంజను తిరుగుతుండగా అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయంటే, ఈ రెండు దారులూ కలిసిన చోటు దాటిన తరువాతే ఎక్కడో తెగుతున్నదన్నమాట. మీ బండికి ఎవరైనా వైరింగు మార్చి, ఆల్టర్నేటర్ తీగను నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే మాత్రం ఈ తర్కం కొంత మారుతుంది. అప్పుడు బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు వెళ్లే కేబుల్‌ను, మధ్యలో ఉన్న మెయిన్ స్విచ్‌ను కూడా అనుమానించాలి.

ఇంజను ఆగకపోవడం కూడా ఒక సాక్ష్యమే. మీ బండిది యాంత్రికంగా పనిచేసే డీజిల్ పంపు కాబట్టి ఒకసారి స్టార్టయ్యాక దానికి కరెంటుతో పని లేదు. అందుకే డ్రైవరుకు ఇది ప్రాణాంతకమైన లోపమని వెంటనే తోచదు, బండి నడుస్తూనే ఉంటుంది గనుక. ఇదే లోపం డీజిల్ చిమ్మడానికి కరెంటు కావలసిన కామన్ రైల్ ఇంజను ఉన్న కొత్త బండిలో గాని, కరెంటు ఉంటేనే డీజిల్ వదిలే స్టాప్ సోలెనాయిడ్ ఉన్న బండిలో గాని వస్తే ఇంజను కూడా ఆగిపోతుంది.

ఇప్పుడు మీ డ్రైవరును ఒక్క విషయం గమనించమనండి. ఈసారి లైట్లు ఆరిపోయినప్పుడు వెనకాల టెయిల్ ల్యాంపులు వెలుగుతున్నాయా లేదా? క్లీనరు అద్దంలోంచి తొంగి చూసినా చాలు, వెనక వచ్చే బండి డ్రైవరును అడిగినా చాలు. టెయిల్ ల్యాంపులకు కరెంటు క్యాబిన్ నుంచే వెళుతుంది గాని, వాటి ఎర్తు సాధారణంగా వెనక ఛాసిస్‌కు ఉంటుంది. క్యాబిన్ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి ఎర్తు పట్టీ తెగితే దానికి ఛాసిస్‌తో గట్టి సంబంధం ఉండదు. అప్పుడు క్యాబిన్‌లో అంతా చీకటైనా వెనక దీపాలు వెలుగుతూ ఉండవచ్చు. ముందూ వెనకా అన్నీ ఆరిపోతే, తెగినది ఫ్యూజు బాక్సుకు వచ్చే లావు తీగ. ఎర్తు లోపానికి ఇంకో ఆనవాలు ఉంది: ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు మసకగా కొట్టుకోవడం, హారన్ నొక్కితే డాష్‌బోర్డులో సంబంధం లేని దీపం వెలగడం. సరైన ఎర్తు దొరకని కరెంటు మరో బల్బు గుండా దారి వెతుక్కుంటుంది కాబట్టి అలా జరుగుతుంది.

ఉదయం సెల్ఫ్ శబ్దం చేయకపోవడాన్ని కూడా ఇదే చూపుతో చూడండి. అప్పుడు కీ తిప్పి పట్టుకుని డాష్‌బోర్డు వైపు చూడాలి. దీపాలు అసలే వెలగకపోతే రాత్రి లోపమే పగలూ కనిపిస్తున్నదన్నమాట, రెండూ ఒకటే. దీపాలు చక్కగా వెలుగుతూ సెల్ఫ్ మాత్రం కదలకపోతే కీ స్విచ్ నుంచి సెల్ఫ్ సోలెనాయిడ్ (కీ తిప్పగానే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్) 50వ నంబరు టెర్మినల్‌కు వెళ్లే సన్న తీగను గాని, కీ స్విచ్ లోపలి కాంటాక్టును గాని చూడాలి. కీ తిప్పగానే వెలుగుతున్న దీపాలు పూర్తిగా మసకబారిపోతే అది బ్యాటరీ కేబుళ్ల లోపం లేదా ఇంజను ఎర్తు లోపం. ఇంజను కూడా రబ్బరు మౌంటింగుల మీదే ఉంటుంది. దాని ఎర్తు పట్టీ తెగితే సెల్ఫ్ లాగే వందల ఆంపియర్ల కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండానో, స్టాప్ కేబుల్ గుండానో ఛాసిస్‌కు చేరడానికి ప్రయత్నిస్తుంది. స్టార్టు చేసిన వెంటనే ఆ కేబుళ్లలో ఏదైనా వేడిగా తగిలితే ఇంకేమీ పరీక్షించకుండా ముందు ఇంజను ఎర్తు పట్టీ మార్చండి.

టెర్మినల్ నంబర్లు ఎక్కడివో తెలుసుకుంటే పని తేలికవుతుంది. టాటా వారు 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టారు, మన పాత బండ్లలో కనిపించే నంబర్లు ఆ జర్మన్ పద్ధతివే. 30 అంటే కీ తో పని లేకుండా ఎప్పుడూ ఉండే కరెంటు, 15 అంటే కీ తిప్పితే వచ్చేది, 31 అంటే ఎర్తు, 50 అంటే సెల్ఫ్ సోలెనాయిడ్‌కు వెళ్లేది. 15 మీద నడిచేవి మాత్రమే ఆగి, 30 మీద నడిచేవి బాగుంటే కీ స్విచ్‌ను చూడాలి. రెండూ కలిసి ఆగితే అంతకంటే వెనక్కి, బ్యాటరీ వైపుకు నడవాలి. వైరింగు డయాగ్రం దొరక్కపోయినా, ఏవి కలిసి ఆగిపోతున్నాయో చూసుకుని వాటికి ఉమ్మడిగా ఉన్న చివరి చోటు ఏదో పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఇక అతుకు వదులైతే కరెంటు ఎందుకు పోతూ వస్తూ ఉంటుందో చూద్దాం. రాత్రి అన్ని లైట్లూ వేసినప్పుడు మీ క్యాబిన్ తీగలో సుమారు 12 ఆంపియర్లు ప్రవహిస్తాయనుకోండి. ఆ దారిలో చిలుము పట్టిన ఒక లగ్గు 0.1 ఓమ్ నిరోధం చూపితే అక్కడ 1.2 వోల్టులు పోతాయి, దాదాపు 14 వాట్ల వేడి ఆ చిన్న చోట పుడుతుంది. ఆ వేడికి లోహం వ్యాకోచించి, చిలుము ఇంకా పెరిగి, నిరోధం మరింత ఎక్కువై, చివరికి సంబంధం తెగిపోతుంది. తెగగానే చల్లబడుతుంది, చల్లబడగానే మళ్లీ తాకుతుంది. పగలు హారన్, ఇండికేటర్లు మాత్రమే వాడేటప్పుడు కనిపించని లోపం రాత్రి కనిపించడానికి కారణం ఇదే. సెల్ఫ్ కేబుల్ విషయంలో ఇది ఇంకా తీవ్రం: 400 ఆంపియర్లు లాగేటప్పుడు 0.01 ఓమ్ నిరోధం ఉన్నా 4 వోల్టులు పోతాయి.

మల్టీమీటర్ ఒక్కటే పట్టుకుని వెతికేవారు మోసపోయేది ఇక్కడే. చిలుము పట్టిన లగ్గు పేరుకు మాత్రమే తాకుతున్నా, లైట్లేవీ వేయనప్పుడు మీటరు 24 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. అదే చోట 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టి చూస్తే అది మసకగా వెలిగి నిజం చెబుతుంది. అందువల్ల మీటరుతో చూసే ప్రతి కొలతా అన్ని లైట్లూ వేసి ఉండగానే తీసుకోవాలి.

ఇప్పుడు రెండు బల్బుల పద్ధతి. వచ్చిపోయే లోపం షెడ్డుకు వచ్చేసరికి కనిపించదు కాబట్టి, అది వచ్చినప్పుడు సాక్ష్యం చెప్పేటట్టు ఏర్పాటు చేసి బండిని పంపాలి. పార్కింగ్ లైట్లలో వాడే 24 వోల్టుల 5 వాట్ల బల్బులు రెండు తీసుకుని, వాటి హోల్డర్లను డ్రైవరుకు కనిపించేటట్టు, కళ్లకు గుచ్చుకోకుండా, డాష్‌బోర్డు కింద కట్టండి. రెండు బల్బుల నెగటివ్ తీగలనూ క్యాబిన్‌కు కలపకుండా విడి తీగతో నేరుగా బ్యాటరీ నెగటివ్ పోస్టుకు తీసుకువెళ్లాలి. మొదటి బల్బు పాజిటివ్‌ను సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టు నుంచి, రెండో బల్బు పాజిటివ్‌ను ఫ్యూజు బాక్సుకు లావు తీగ వచ్చి చేరే టెర్మినల్ నుంచి తీసుకోవాలి. ప్రతి పాజిటివ్ తీగకూ అది మొదలయ్యే చోటే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టడం తప్పనిసరి, లేకపోతే ఆ తీగ ఎక్కడైనా రాసుకుంటే మంట లేస్తుంది.

బండి లైట్లు ఆరిపోయినప్పుడు డ్రైవరు ఈ బల్బులను చూడాలి. మొదటిది వెలుగుతూ రెండోది ఆరిపోతే తెగినది సెల్ఫ్ బోల్టుకూ ఫ్యూజు బాక్సుకూ మధ్య. రెండూ వెలుగుతూ క్యాబిన్ మాత్రం చీకటైతే తెగినది క్యాబిన్ ఎర్తు. రెండూ ఆరిపోతే నా మొదటి అంచనా తప్పి, బ్యాటరీ వైపు కేబుళ్లలోకో మెయిన్ స్విచ్‌లోకో వెళ్లాలి. ఈ పద్ధతిలో ఊహకు చోటు లేదు, డ్రైవరుకు ఎలక్ట్రికల్ పరిజ్ఞానం కూడా అక్కర్లేదు.

బల్బులు చెప్పిన దారిలో ఏమేం చూడాలో నా అనుభవం నుంచి చెబుతాను.

లావు తీగ దారి అయితే ముందుగా సెల్ఫ్ బోల్టు మీది నట్టు. అక్కడ ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు లగ్గులు ఉంటాయి, ఇంజను వేడికీ అదురుకూ పై నట్టు వదులవుతుంది. బ్యాటరీ కేబుల్ లగ్గు అడుగున గట్టిగా ఉండి, క్యాబిన్ తీగ లగ్గు పైన వదులుగా ఉంటే సెల్ఫ్ బాగా తిరుగుతూ క్యాబిన్ చీకటవుతుంది. నట్టు బిగించే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, లేకపోతే స్పానర్ ఇంజను బాడీకి తగిలితే చేయి కాలుతుంది. తరువాత, తీగ ఛాసిస్ మీద నుంచి క్యాబిన్‌లోకి ఎక్కే చోటు. తీగ దూరే రంధ్రానికి తొడిగే రబ్బరు గ్రొమెట్ ఎండి రాలిపోయి, రేకు అంచు తీగను కోస్తుంటుంది. ఆమ్మీటర్ (కరెంటు ఎన్ని ఆంపియర్లో చూపే మీటరు) ఉన్న పాత బండ్లలో క్యాబిన్ కరెంటంతా దాని గుండానే వెళుతుంది కాబట్టి మీటరు వెనక నట్లు తప్పక చూడాలి. ఫ్యూజు బాక్సు దగ్గర, తూటా ఆకారంలో ఉండే పింగాణీ ఫ్యూజులు ఉన్నవైతే, వాటి రెండు కొనలూ పట్టు కోల్పోయి చిలుము పడతాయి. ఫ్యూజు కాలకపోయినా కరెంటు వెళ్లదు. ఫ్యూజును ఉన్న చోటే వేలితో గుండ్రంగా తిప్పినప్పుడు లైటు వెలిగితే దొంగ దొరికినట్టే. కాని ఇటువంటి ఫ్యూజు ఒక్కోటి ఒక్కో సర్క్యూటును మాత్రమే ఆపుతుంది, అన్నీ ఒకేసారి ఆగాయంటే బాక్సుకు వచ్చే ప్రధాన స్క్రూనే అనుమానించాలి.

క్యాబిన్ ఎర్తు అయితే, ఎఫ్.సి.కి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) ముందు బండికి రంగు వేయించారా అని నేను మొదట అడుగుతాను. ఏటా ఛాసిస్‌కు రంగు కొట్టేటప్పుడు ఎర్తు పట్టీ ఊడదీసి, రంగు ఆరాక ఆ రంగు మీదే మళ్లీ బిగిస్తారు. బోల్టు గట్టిగానే ఉంటుంది, కాని లగ్గుకూ ఇనుముకూ మధ్య రంగు పొర ఉంటుంది. కరెంటు బోల్టు మరల గుండా మాత్రమే వెళుతూ, వానాకాలంలో తుప్పు పట్టగానే తెగిపోతుంది. లోపం మొదలైన తేదీనీ రంగు వేయించిన తేదీనీ పోల్చి చూడండి, చాలాసార్లు అవి దగ్గరగా ఉంటాయి.

చేపల లోడు తోలే బండ్లది వేరే కథ. భీమవరం, కైకలూరు వైపు నుంచి ఐసు వేసిన చేపలతో హౌరాకు, అస్సాంకు వెళ్లే లారీలలో ఐసు కరిగిన నీరు రాత్రింబవళ్లు ఛాసిస్ మీదికీ బ్యాటరీ పెట్టె మీదికీ కారుతుంది. అటువంటి ఒక బండికి బ్యాటరీ కేబుల్ పైకి కొత్తదానిలా కనిపించింది, లగ్గు బోల్టు బిగువుగానే ఉంది. లగ్గు పక్కన తొడుగును వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది, కోసి చూస్తే రాగి పోగులు పచ్చటి పొడిగా మారి ఉన్నాయి. మీ బండి అటువంటి లోడు తోలినదైతే తొడుగు మీద నుంచి ప్రతి కేబుల్‌నూ చివర ఒక జానెడు మేర నొక్కి చూడండి. చెక్క క్యాబిన్ కట్టించిన బండి అయితే ఇంకొకటి గుర్తుంచుకోవాలి: చెక్క గుండా ఎర్తు రాదు. పైకప్పు దీపాలకు, డాష్‌బోర్డుకు బాడీ కట్టినవారు లాగిన ఒకే ఒక్క ఎర్తు తీగ మేకుల మధ్య నలిగి ఉంటుంది. అటువంటి బండ్లకు నేను పాత తీగను వెతకకుండా కొత్త లావు ఎర్తు తీగ ఒకటి ఛాసిస్ దాకా లాగేస్తాను.

చోటు దొరికాక కొలత తీసుకుని నిర్ధారించుకోండి. అన్ని లైట్లూ వేసి, మీటరు ఒక పిన్ను బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, రెండోది ఫ్యూజు బాక్సు ప్రధాన టెర్మినల్ మీద పెడితే సగం వోల్టు కంటే తక్కువ రావాలి. బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ క్యాబిన్ రేకుకూ మధ్య కూడా అంతే. ఇంజను ఎర్తుకైతే సెల్ఫ్ తిరిగేటప్పుడు నెగటివ్ పోస్టుకూ ఇంజను బ్లాకుకూ మధ్య సగం వోల్టు దాటకూడదు. పిన్ను పోస్టు మీదే ఆనించాలి, క్లాంపు మీద పెడితే పోస్టుకూ క్లాంపుకూ మధ్య ఉన్న లోపం కొలతలోకి రాదు.

మరమ్మతు ఎలా చేయించాలంటే, చిలుము పట్టిన కేబుల్‌ను గీకి మళ్లీ వాడవద్దు. రాగి మెరిసే దాకా కోసి కొత్త లగ్గు క్రింపింగ్ చేయించండి (తీగ మీద గట్టిగా నొక్కించి బిగించండి), పొడవు చాలకపోతే కేబుల్ మార్చండి. తీగలను మెలిపెట్టి టేపు చుట్టే అతుకు లారీ అదురుకు ఒక్క వానాకాలం కూడా నిలవదు. ఎర్తు పట్టీ కూర్చునే చోట ఛాసిస్‌ను ఉప్పుకాగితంతో తెల్లటి ఇనుము కనిపించే దాకా రుద్ది, బిగించిన తరువాత పైన పెట్రోలియం జెల్లీ గాని గ్రీజు గాని పూయాలి. రంగు వేయాలనుకుంటే అప్పుడు పైన వేసుకోవచ్చు.

కొన్ని జాగ్రత్తలు కూడా ఇక్కడే చెప్పాలి. ఆల్టర్నేటర్ బాగుందో లేదో చూడటానికి ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ వైరు ఊడదీసే అలవాటు పాత డైనమోల కాలం నుంచి వచ్చింది. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో అలా చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి డయోడ్లు, రెగ్యులేటర్ పోతాయి. పరీక్షించాలంటే ఇంజను నడుస్తుండగా బ్యాటరీల మీద వోల్టేజీ చూస్తే చాలు, 27.5 నుంచి 28.5 మధ్య ఉండాలి. ఛాసిస్‌కు వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ కేబుళ్లు రెండూ తీసేయాలి. టేపు రికార్డర్ కోసం రెండు బ్యాటరీలలో ఒకదాని నుంచే 12 వోల్టులు తీసుకుని ఉంటే అది తీసేయించి కన్వర్టర్ పెట్టించండి, లేకపోతే ఒక బ్యాటరీ ఎప్పుడూ తక్కువ ఛార్జిలో, రెండోది ఎప్పుడూ ఎక్కువ ఛార్జిలో ఉండి మీ కొత్త జత త్వరగా పాడవుతుంది. ఫ్యూజు పోతున్నదని దాని స్థానంలో తీగ ముక్క పెట్టనివ్వవద్దు, క్యాబిన్‌లు కాలిపోయేది ఎక్కువగా అలాగే.

లోపం తేలే దాకా వీలైనంత వరకు బండిని రాత్రి హైవే మీదికి పంపవద్దు. పంపక తప్పకపోతే వెనక తలుపు మీద ఎర్రటి, పక్కల మీద పసుపు రిఫ్లెక్టివ్ టేపు శుభ్రంగా ఉందో లేదో చూడండి. ఒక మంచి టార్చిలైటు, రెండు రిఫ్లెక్టివ్ త్రికోణాలు క్యాబిన్‌లో ఉండాలి. లైట్లు ఆరగానే గట్టిగా బ్రేకు వేయవద్దని డ్రైవరుకు చెప్పండి: టెయిల్ ల్యాంపులూ బ్రేకు లైట్లూ లేని లారీ అకస్మాత్తుగా ఆగితే వెనకవాడికి తెలిసే మార్గమే లేదు. వేగం తగ్గించుకుంటూ రోడ్డు పక్కకు పూర్తిగా దిగి ఆగాలి.

రెండు బల్బులూ కట్టి ఒక రాత్రి బండి నడిచాక, లైట్లు ఆరిపోయినప్పుడు ఏ బల్బు వెలిగిందో, టెయిల్ ల్యాంపులు ఉన్నాయో లేవో, లైట్లన్నీ వేసి తీసిన ఆ రెండు కొలతలు ఎంత వచ్చాయో రాయండి. ఆ వివరాలు ఉంటే ఏ బోల్టు దగ్గర మొదలుపెట్టాలో మరింత కచ్చితంగా చెప్పగలను.